రెండో బ్రేకు మీద కాలు

మా వదిన కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చునే మా వదిన కాలి కింద. డ్రైవింగ్ స్కూలు కార్లన్నిటికీ ఉండేదే, ఇందులో వింతేమీ లేదు. వింతంతా ఆవిడ దాన్ని వాడిన తీరులో ఉంది. దాని గురించి ఒక పిల్ల నిండు సభలో మాట్లాడింది కాబట్టి, ఆ సభ ఏర్పాటు చేసినవాణ్ణి నేనే కాబట్టి, ఈ కథ చెప్పే హక్కు నాకుందని అనుకుంటున్నాను. లేదనేవాళ్ళు నా కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చి పోట్లాడవచ్చు. మధ్యాహ్నం పూట నాకు పెద్దగా పనుండదు.

మా అన్న మెకానిక్కు. చేతిలో ఎంత పనితనం ఉందో నోట్లో అంత దురుసుతనం ఉన్న మనిషి. పెళ్ళయిన కొత్తలో వదినకు కారు నేర్పుతానని సరదాపడి, మొదటి మలుపు దగ్గరే "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్, అది క్లచ్చు, బ్రేకు కాదు" అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు. వదిన బండి ఉన్నచోటే ఆపి, తాళంచెవి తీసుకుని, దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. తాళంచెవి లేని కారులో, వెనకవాళ్ళ హారన్లూ తిట్లూ వింటూ మా అన్న నడిరోడ్డు మీద కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆవిడ ఒక్కతే షెడ్డు వెనక ఖాళీ జాగాలో పాత ఆయిలు డ్రమ్ములు నిలబెట్టుకుని, వాటిని గుద్దుకుంటూ, తనను తాను తిట్టుకుంటూ, తనంతట తనే నేర్చేసుకుంది. డ్రమ్ములకు పడిన సొట్టలు చూసి కూడా అన్న నోరు మెదపలేదు.

తరవాత పక్కింటావిడ అడిగితే ఆవిడకు నేర్పింది. ఆవిడ చెప్పగా ఆసుపత్రి నర్సు వచ్చింది, నర్సు చెప్పగా ఇంకెవరో వచ్చారు. స్కూలు పెట్టాలన్న ఆలోచన లేకుండానే స్కూలు తయారైంది. ఒక పాత కారు కొని, దానికి రెండో బ్రేకును అన్న తన చేత్తోనే బిగించి ఇచ్చాడు. అది ఆయన చెప్పుకున్న క్షమాపణ అని నా ఉద్దేశం. అడిగితే కాదంటాడు.

తన దగ్గర నేర్చుకునే ఏ ఒక్కరి మీదా ఎవరూ అరవకూడదని వదిన పంతం. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ఆవిడ కాలు రెండో బ్రేకు మీద ఎప్పుడూ ఆనించే ఉండేది. ఎదురుగా లారీ వచ్చినా, సందులోంచి సైకిలు దూసుకొచ్చినా, నేర్చుకునేవాళ్ళ కాలు కదిలేలోపే ఆవిడ కాలు మెత్తగా నొక్కేసేది. బండి ఆగేది. వెంటనే, "భలే ఆపారండీ, మీకు చెయ్యి తిరిగింది" అనేది. అంత మెత్తగా నొక్కేది కాబట్టి అవతలివాళ్ళకు అనుమానమే వచ్చేది కాదు. తామే ఆపామని నమ్మేవాళ్ళు. వణుక్కుంటూ ఎక్కినవాళ్ళు గుండె నిబ్బరంతో దిగేవాళ్ళు. ఊళ్ళో ఆవిడ పేరు మారుమోగిపోయింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వీళ్ళు పరీక్షకూ ఆ స్కూలు కారులోనే, పక్కన వదినతోనే వెళ్ళి లైసెన్సు తెచ్చుకుని, సొంత కారు కొనుక్కుని, వారం తిరక్కుండా మా అన్న షెడ్డుకు వచ్చేవాళ్ళు. "మాస్టారూ, ఈ బండి బ్రేకు సరిగా పట్టడం లేదు. స్కూలు కారులో అయితే ఇలా ముట్టుకుంటే అలా ఆగేది" అనేవాళ్ళు. బ్రేకు నిక్షేపంగా ఉండేది. లేనిదల్లా మా వదిన కాలు. అన్న బండి కిందకు దూరి, కాసేపు రెంచీతో టకటకలాడించి, బయటికొచ్చి, "చూశాను. కొన్నాళ్ళు గట్టిగా తొక్కుతూ ఉండండి, అలవాటవుతుంది" అని పంపేసేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పుకుని ఇల్లంతా నవ్వుకునేవాళ్ళం. మా క్లబ్బు ప్రెసిడెంటు ప్లీడరు గారు కొత్త కారుతో సొంత ఇంటి గేటు స్తంభాన్నే గుద్దినప్పుడైతే నాకు నవ్వలేక పొలమారింది. ఆయన మాత్రం ఈనాటికీ మొదటిసారే పరీక్ష పాసయ్యానని ఏ మీటింగులోనైనా ఒకసారి చెప్పందే కూర్చోడు.

ఆ నవ్వుల్లో కలవనిది ఒక్క మా అన్న కూతురే. ఇంట్లో దాన్ని ఎందుకమ్మ అంటాం. మాటలు వచ్చిన నాటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు అని అడిగి మా ప్రాణాలు తోడేసింది. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "మరి ఆయన గేటు దగ్గర స్తంభం కాకుండా ఎవరైనా మనిషి ఉంటే?" అంది. అన్న నీళ్ళ గ్లాసు ఎత్తాడు. వదిన పెరుగు వడ్డించింది.

దాని బాధ గేటు గురించి మాత్రమే కాదని తరవాత అర్థమైంది. వదినకు ఆ కాలు కారులోనే కాదు, ఇంట్లోనూ ఉండేది. పిల్ల పరుగుపందెంలో గెలిచి ఎగురుకుంటూ వస్తే, దూరం తక్కువ పడే లోపలి గీత దగ్గర నిలబెట్టమని డ్రిల్లు టీచరు చెవిన ముందే వేసి వచ్చింది మా వదిన అని తేలింది. క్లాసు లీడరు అయితే, దాని వెనకా ఒక పలకరింపు ఉందని తేలింది. చెడ్డ ఉద్దేశంతో కాదు. పిల్ల ఎక్కడ దెబ్బ తింటుందోనని, మొహం ఎక్కడ చిన్నబోతుందోనని. కానీ పదహారేళ్ళు వచ్చేసరికి ఎందుకమ్మకు తను గెలిచిన దేని మీదా నమ్మకం లేకుండా పోయింది. ఎవరైనా మెచ్చుకుంటే ముందు తల్లి మొహం చూసేది.

ఇక మా క్లబ్బు సంగతి. ఏటా హైస్కూలు పిల్లలకు నీతి మీద వ్యాసరచన, ఉపన్యాసం పోటీ పెడతాం. కార్యదర్శిని కాబట్టి చాకిరీ నాది, దండలు ప్లీడరు గారివి. ఈసారి విషయం, 'ఎవరూ చూడనప్పుడు నేను'. ఇలాంటి విషయం ఇస్తే ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. పిల్లలందరికీ రోడ్డు మీద పర్సు దొరుకుతుంది. అందరూ దాన్ని పోలీసుస్టేషనులో ఇచ్చేస్తారు. ఏటా ఇన్ని పర్సులు పారేసుకునే ఊరు ఎలా బతుకుతోందో నాకు తెలియదు.

మా పద్ధతులు మాత్రం కట్టుదిట్టం. వ్యాసాల మీద పేర్లుండవు, అంకెలే. చదివేది బయటి ఊరి నుంచి వచ్చే న్యాయనిర్ణేతలు, వాళ్ళకు పెద్ద అక్కడి కాలేజీ ప్రిన్సిపాలమ్మ. వాళ్ళు ఎంచినవాళ్ళు తమ వ్యాసాన్నే క్లబ్బు హాల్లో ఉపన్యాసంగా చెప్పాలి. చివర న్యాయనిర్ణేత ఒక ప్రశ్న వేస్తారు. ఆ సమయంలో సభలోంచి ఎవరైనా అందించారా, ఆ పిల్లో పిల్లాడో పోటీలోంచి ఔట్. నోటితో అందించినా, చేత్తో సైగ చేసినా, కనుబొమ్మ ఎగరేసినా సరే. కనుబొమ్మల మాట నేనే చేర్చాను. ఒక ఏడాది ఓ తండ్రి తన కొడుకు ఉపన్యాసం మొత్తం కనుబొమ్మలతోనే నడిపించాడు.

ఎంపికైన పిల్లలకు నిలబడడం, గొంతు ఎత్తడం నేర్పేది ఎవరో చెప్పాలా? మా వదినే. జంకు వదిలించడంలో ఆవిడను మించినవాళ్ళు మా క్లబ్బులో లేరు.

వ్యాసాలు న్యాయనిర్ణేతల చేతికి వెళ్ళిన రెండు రోజులకు వదిన నా దుకాణానికి వచ్చింది. కళ్ళు పరీక్షించే కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న అక్షరాల పట్టిక వంక చూస్తూ ఉండిపోయింది.

"ఏం వదినా, చూపు తగ్గిందా?" అన్నాను.

"చూపు బానే ఉంది. మన పిల్ల కూడా పోటీకి రాసిందటగా?"

"రాసిందనే విన్నాను. అన్నీ అంకెలే, నాకు తెలీదు."

"ఆ ప్రిన్సిపాలమ్మ నీకు తెలుసుగా?"

"తెలుసు."

వదిన పట్టికలో ఆఖరి వరసదాకా చూసింది. తరవాత లేచి నిలబడి, "అడగడానికే వచ్చాను మరిదీ. అడగను" అని వెళ్ళిపోయింది. నాకు తెలిసి ఆవిడ మధ్యలో మానుకున్న మొదటి పని అదే.

అడగకపోయినా ఎందుకమ్మ ఎంపికైంది. పోటీకి ముందురోజు సాయంత్రం, మిగతా పిల్లలందరూ తమ వంతు అభ్యాసం ముగించి వెళ్ళాక, హాల్లో నేనూ వదినా అదీ మిగిలాం. అది వేదికెక్కి మొదలుపెట్టింది. వదిన అలవాటుగా ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

"మా అమ్మ కారులో రెండు బ్రేకులున్నాయి" అంది పిల్ల.

అది ఏదీ దాచలేదు. నేర్చుకునేవాళ్ళకు తెలియకుండా తొక్కడం, భలే ఆపారని మెచ్చుకోవడం, వాళ్ళు వచ్చి బ్రేకు పట్టడం లేదని మా అన్నకు చెప్పడం, ఆయన రెంచీ టకటకలు, భోజనాల దగ్గర మా నవ్వులు, అన్నీ వరసగా చెప్పుకుపోయింది. పరుగుపందెం కూడా చెప్పింది. "మా అమ్మ ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. భయపడకుండా చూద్దామనుకుంది. కానీ ఎవరూ చూడనప్పుడు మన బదులు ఇంకొకరు బ్రేకు తొక్కితే, మనకు ఆపడం వచ్చో రాదో మనకెప్పటికీ తెలీదు. నాకు తెలీదు" అని ముగించింది.

రేపు ఆ హాల్లో కూర్చోబోయే పెద్దమనుషుల్లో సగంమంది ఆ కారులో నేర్చుకున్నవాళ్ళే. వదిన బతుకుతెరువు, ఇన్నేళ్ళ మంచిపేరు, రెండూ ప్రమాదంలో పడ్డాయి. నేను ఆవిడ వైపు చూడడానికి జంకాను.

"నాన్న పేరెత్తినచోట గొంతెందుకు తగ్గింది?" అంది వదిన.

పిల్ల తెల్లబోయింది. "నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. బాగా వచ్చింది. దాని సంగతి ఇంటికెళ్ళాక చూస్తాను. తల పైకెత్తి అక్కడినుంచి మళ్ళీ చెప్పు. వెనక వరసకు వినబడాలి."

పిల్ల చెప్పలేదు. వేదిక అంచుకు వచ్చి నిలబడింది. "వద్దమ్మా. నువ్వు దిద్దొద్దు. బాగున్నా, బాగోకపోయినా, ఇదొక్కటి నన్ను చెయ్యనీ. నీ కాలు తీసెయ్."

అంత మాట మా వదినను ఎవరూ అనలేదు. మా అన్న అని ఉంటే మళ్ళీ నడిరోడ్డు మీద కూర్చోబెట్టి వచ్చేది. ఆవిడ హ్యాండుబ్యాగు తీసుకుని, "సరే" అని బయటికి నడిచింది. దారిలో నాతో, "రేపటి నుంచి జనం నా కారెక్కకపోతే లారీ నడుపుతాను, ఆ బెంగ నాకు లేదు. ఇది అక్కడ తడబడితే నేనేం చెయ్యాలి, అది చెప్పు" అంది.

"ఏమీ చెయ్యకూడదు."

"ఏమీ చెయ్యకపోవడం నాకు రాదయ్యా" అంది.

పోటీ రోజు హాలు కిటకిటలాడింది. ప్లీడరు గారు స్వాగతోపన్యాసంలో నిజాయితీకీ డ్రైవింగుకీ ఏదో ముడిపెట్టి, తను మొదటిసారే పాసైన ముచ్చట చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాడు. గంట నా చేతిలో ఉంది. మొదట ఒకమ్మాయి పర్సు దొరికించుకుంది. చాలా చక్కగా దొరికించుకుంది, ఒప్పుకోవాలి. తరవాత ఒక అబ్బాయి సెలవుల్లో బడి తొట్టిలోని చేపలకు మేత వెయ్యడం మరిచిపోయి, రెండు చచ్చిపోతే ఎవరికీ చెప్పకుండా కొత్తవి కొని వేసిన సంగతి చెప్పాడు. వాళ్ళ టీచరు సభలోనే ఉంది, చేపలు మారాయని ఆవిడకు అప్పుడే తెలిసింది. హాలు విరగబడి నవ్వింది కానీ అబ్బాయి నవ్వలేదు, మొహం కందగడ్డలా చేసుకుని చివరిదాకా చెప్పాడు.

ఎందుకమ్మ లేచింది. వదిన మూడో వరసలో కూర్చుంది, కావాలనే, ముందు వరస వదిలేసి. మా అన్న ఆ పక్కన, ఉతికిన చొక్కాలో ఇబ్బందిగా. పిల్ల ఒకసారి సభంతా చూసింది. ప్లీడరు గారిని చూసింది, నర్సును చూసింది. "ఒక డ్రైవింగు టీచరు కారులో రెండు బ్రేకులున్నాయి" అని మొదలుపెట్టింది.

'మా అమ్మ' పోయింది. ఆ తరవాత కూడా ఎక్కడికక్కడ 'ఆ టీచరు', 'ఆ మెకానిక్కు'. ఎక్కడో ఏదో ఊళ్ళో జరిగినట్టు చెప్పింది. గొంతు మాత్రం వణకలేదు, తడబడలేదు. జనం నవ్వాల్సినచోట నవ్వారు. ప్లీడరు గారైతే అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు హాయిగా ఊపిరాడింది. వదిన మొహంలో ఆ హాయి లేదు. ఆవిడ కుడికాలు చూశాను. చెప్పు మడమ గచ్చును నొక్కి పట్టి ఉంది.

ఉపన్యాసం అయింది, గంట కొట్టాను. ప్రిన్సిపాలమ్మ కాగితాలు తిరగేసి, కళ్ళజోడు సవరించుకుని, "బాగా మాట్లాడావమ్మా. ఒకటే ప్రశ్న. వ్యాసంలో 'మా అమ్మ' అని రాశావు. ఇక్కడ 'ఒక టీచరు' అన్నావు. ఎందుకు?" అంది.

ఊళ్ళో అందరినీ ఆ మాట అడిగిన పిల్లకు జవాబు దొరకలేదు. ప్లీడరు గారి నవ్వు సగంలో ఆగి మొహం మీద అలాగే ఉంది. తలలు ఒక్కొక్కటే మూడో వరస వైపు తిరగడం మొదలుపెట్టాయి. వదిన చేతులు ముందు కుర్చీ వీపును పట్టుకున్నాయి. లేచేస్తోందని నాకు తెలిసిపోయింది. లేచి, "ఆ టీచర్ని నేనే, పిల్లను వదిలెయ్యండి" అనేస్తే ఆవిడకు ఒక్క క్షణంలో బరువు దిగిపోతుంది. ఆవిడకు సిగ్గూ లేదు, భయమూ లేదు. కానీ నోరు తెరిస్తే నా నియమం ప్రకారం పిల్ల ఔట్. అంతకంటే ముఖ్యం, ఇదీ తల్లే చేసిపెట్టిన పని అయిపోతుంది. గంట మీద చెయ్యి వేసి దేవుడా దేవుడా అనుకుంటూ నిలబడ్డాను.

వదిన చేతులు కుర్చీ మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు కూడా దించేసుకుంది. పిల్ల తన మొహంలో జవాబు వెతుక్కోకుండా.

వేదిక మీదనుంచి ఎందుకమ్మ అది చూసింది. "రాసేటప్పుడు నన్నెవరూ చూడలేదండీ. అందుకని మా అమ్మ అని రాయగలిగాను" అంది. "ఇక్కడ అందరూ చూస్తున్నారు. అందరూ చూస్తుంటే కష్టంగా ఉంది. ఎవరూ చూడనప్పుడు నిజం చెప్పడం కష్టమనుకున్నాను. నాకు చూస్తున్నప్పుడే కష్టం. మార్చడం నా తప్పు. ఆ టీచరు మా అమ్మ. ఆ మెకానిక్కు మా నాన్న. మీరు చాలామంది మా కారులోనే నేర్చుకున్నారు. గట్టిగా తొక్కడం నేర్చుకోండి."

ముందు చప్పట్లు కొట్టింది నర్సు. తరవాత వెనకనుంచి ఎవరో. అందరూ కొట్టారని చెప్పను, మొహాలు మాడ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఫలితాలు వచ్చేలోపు టీల దగ్గర ప్లీడరు గారు కప్పు పట్టుకుని తిన్నగా వదిన దగ్గరకు వచ్చాడు. "అయితే అమ్మా, ఆ గేటు నేను గుద్దలేదన్నమాట" అన్నాడు, కోర్టులో వాదిస్తున్నంత గంభీరంగా.

"గుద్దింది మీరేనండి" అంది వదిన. "అంతకుముందు ఆగినవి మాత్రం మీవి కావు. సోమవారం పొద్దున్నే వచ్చెయ్యండి. ఈసారి నేను వెనక సీట్లో కూర్చుంటాను."

ఆయన కాసేపు మింగలేక కక్కలేక చూసి, చివరకు వస్తానన్నాడు. అన్న గోడ వైపు తిరిగి దగ్గాడు.

ఫలితాలు చదివారు. మొదటి బహుమతి చేపల అబ్బాయికి. రెండోది పర్సుకు, దానికి నేనేం చెయ్యను. ఎందుకమ్మకు మూడోది. వేదిక మీద వ్యాసాన్ని మార్చినందుకు మార్కులు తగ్గించామని, ఆఖరి జవాబు చూసి కొన్ని తిరిగి ఇచ్చామని ప్రిన్సిపాలమ్మ వివరించింది. న్యాయంగానే ఉందనిపించింది నాకు.

మా వదినకు అనిపించలేదు. "మూడోదేమిటి? అంత కష్టపడి అందరి ముందూ చెప్తే మూడోదా? నేను అడిగి వస్తానుండు" అంటూ కొంగు సర్దుకుని న్యాయనిర్ణేతల బల్ల వైపు బయలుదేరింది. ఆ నడక నాకు తెలుసు. ఆ నడకకు అడ్డం వెళ్ళినవాడు లేడు.

పిల్ల బహుమతి కప్పు చంకలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "బాబాయ్, నిజం చెప్పు. అమ్మ నీతో గానీ, ఆ ప్రిన్సిపాలమ్మతో గానీ, నా గురించి ఏమైనా అందా?"

"నా దగ్గరకు వచ్చింది. అడగకుండానే వెళ్ళిపోయింది. ఆవిడతో ఇప్పటిదాకా మాట్లాడనే లేదు."

అది నా మొహంలోకి బాగా చూసింది, నేను కంటిచూపు పరీక్షించేటప్పుడు జనాన్ని చూసినంత శ్రద్ధగా. తరవాత చరచరా వెళ్ళి తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వెళ్ళొద్దు."

"మొదటిది రావాలే నీకు."

"నాకిదే కావాలి. ఇది నేనొక్కదాన్నే తెచ్చుకున్నా. ఈ మూడోది నాది" అంది పిల్ల. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

వదిన బల్ల వైపు ఒకసారి చూసింది, కూతురి వైపు ఒకసారి. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. నా కళ్ళూ నిండాయి, దాచడం దేనికి. "సరే, పద ఇంటికి" అంటూ అలవాటుగా కప్పు కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వు, నేను పట్టుకుంటాను."

"బరువేం లేదులే" అని పిల్ల కప్పును రెండో చంకలోకి మార్చుకుంది. ఆ చాపిన చేతిని ఏం చెయ్యాలో తెలియక మా వదిన కొంతసేపు అలాగే నిలబడింది. పిల్ల అప్పటికే గుమ్మం దాటింది.